రోగి చేతికి రాని కాగితం
(మండల స్థాయి సభలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



పంతులు గదా, బడి గురించే మాట్లాడతాడని పిలిచిన్రు. ఇవాళ బడి సంగతి కాదు, దవాఖాన సంగతి మాట్లాడతా. అందులో కూడా జబ్బు గురించి తక్కువ, కాగితం గురించి ఎక్కువ.

మనం బావి నీళ్ల కోసం కొట్లాడినం. హోటల్లో రెండు గ్లాసుల మీద కొట్లాడినం. శ్మశానం జాగా కోసం, బంజరు భూమి పట్టాల కోసం కొట్లాడినం. 1985లో కారంచేడు, 1991లో చుండూరు జరిగినప్పుడు ఊళ్లకు ఊళ్లు కదిలినయి. మంచిదే. కానీ దవాఖాన వరుసలో పొద్దుగాల ఆరింటికి నిలబడి మధ్యాహ్నం రెండింటికి "ఇవాళ అయిపోయింది, రేపు రా" అనిపించుకొని మళ్లీ బస్సెక్కే మన మనిషి గురించి ఏ సభలోనైనా ఒక్క తీర్మానం చేసినమా? అది కర్మ అనుకుంటం. సర్కారు దవాఖాన అంటే అట్లనే ఉంటదనుకుంటం. ఆ అనుకోవడం దగ్గరే మనకు సగం ప్రాణం పోతున్నది.

మా పెద్దమ్మ బిడ్డ సంగతి చెప్తా. నాకు అక్క. ఆమెను అడిగే చెప్తున్నా. "పేరు చెప్పకు, మిగతాదంతా చెప్పు" అన్నది. యాభై దాటిన మనిషి. మిర్చి ఏరడానికి పోతే వరుసలో అందరికన్నా ముందుండే మనిషి. ముట్లు ఆగిపోయిన మూడేళ్లకు మళ్లీ రక్తం కనపడ్డది. ఊళ్లో ఆరెంపీ నాలుగు నెలలు సూదులు వేసిండు, వేడి చేసిందన్నాడు. చివరికి జిల్లా కేంద్రంలో పెద్దాసుపత్రికి పోతే ముక్క తీసిన్రు. పదిహేను రోజులకు రిపోర్టు వచ్చింది. ఆ రిపోర్టులో ఏముందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. చీటీ మీద ఇంగ్లీషులో నాలుగు అక్షరాలు రాసి "హైదరాబాద్ పో" అన్నారు. ఎందుకు పోవాలె, ఎవరిని కలవాలె, ఏమేం పట్టుకపోవాలె? అడిగితే "అన్నీ దాంట్ల రాసినం" అన్నారు. రాసింది ఆమె చదవలేదని రాసినాయనకు తెలుసు.

గర్భసంచి మూతికి వచ్చిన క్యాన్సర్ అది. ముక్క తీసిన రోజు నుంచి మొదటి కరెంటు పెట్టిన రోజుకు 74 రోజులు. క్యాలెండర్ మీద గీతలు గీసి లెక్కపెట్టిన. ఆ 74 రోజుల్లో మా అక్క 11 సార్లు హైదరాబాద్ పోయొచ్చింది. 11 సార్లలో డాక్టరు ఆమె మీద చెయ్యేసి చూసింది రెండు సార్లు. మిగతా తొమ్మిది సార్లు కాగితం కోసం.

ఏం కాగితాలో వినండి. మొదటిసారి పోతే రిపోర్టు చాలదన్నారు, స్లైడ్లు, బ్లాకులు తెమ్మన్నారు. స్లైడంటే ముక్కను పల్చగా కోసి అంటించిన గాజు పలక. బ్లాకంటే ఆ ముక్కను మైనంలో పెట్టి దాచిన దిమ్మ. పెద్ద దవాఖానవాళ్లు వాటిని తమ కండ్లతో మళ్లీ చూసుకుంటారు. చూసుకోవాల్సిందే, అది సరైన పద్ధతే. తప్పెక్కడంటే, హైదరాబాద్ పొమ్మన్ననాడే వాటిని చేతికిచ్చి పంపాలె గదా. ఇవ్వలేదు. వెనక్కి వచ్చి ఖమ్మం జిల్లాలో ఆ ల్యాబు ముందు నిలబడితే ఇన్‌చార్జి సెలవులో ఉన్నాడు. ఆయన వచ్చినంక "అక్కడినుంచి లెటర్ తెస్తేనే ఇస్తం" అన్నాడు. లెటర్ కోసం మళ్లీ రెండు వందల కిలోమీటర్లు. అక్కడ లెటర్ రాసే డాక్టరు వారానికి రెండు రోజులే ఓపీలో కూర్చుంటాడు. మనం పోయింది మూడో రోజు.

ఆ తర్వాత స్కానింగు. మూడు వారాల తర్వాతి తారీఖు ఇచ్చిన్రు. తీరా ఆ తారీఖుకు పోతే మిషను రిపేరు. ఫోన్ నంబరు రాసుకున్నారు గదా, ఒక్క ఫోన్ కొట్టి రావద్దని చెప్పొచ్చు గదా? "అంతమందికి ఎవరు కొడతరు" అన్నది కౌంటర్లో అమ్మాయి. ఆమెనూ తిట్టలేను. ఔట్‌సోర్సింగ్ కొలువు, నెలల తరబడి జీతం రాదు.

ఆ తర్వాత ఆరోగ్యశ్రీ. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైంది. తెలంగాణలో 2023 డిసెంబర్లో దాని పరిమితి ఐదు లక్షల నుంచి పది లక్షలకు పెరిగింది. నేనేం కాదనను, అది లేకపోతే మా అక్క ఇయ్యాల లేదు. కానీ పది లక్షల ముందర ఒక అక్షరం అడ్డం నిలబడ్డది. ఆధార్లో పేరు ఒక తీరు, రేషన్ కార్డులో ఒక తీరు. మన వాడల్లో ఇది ఒక్కరి కథ కాదు. చర్చిలో మరియమ్మ, రేషన్ కార్డులో మారెమ్మ, బడి రిజిస్టర్లో మేరి. ఇంటిపేరు ఒకదాంట్లో ముందుంటది, ఒకదాంట్లో ఉండనే ఉండదు. మన పేర్లు మనం రాసుకోలేదు. జనాభా లెక్కలాయన, రేషన్ డీలరు, వీఆర్వో, ఎవరి చెవికి ఎట్ల వినపడితే అట్ల రాసిన్రు. వాళ్లు తప్పు రాసినందుకు శిక్ష మనకు. "అప్రూవల్ రిజెక్ట్ అయింది" అన్నాడు ఆరోగ్యమిత్ర. ఎందుకయిందని అడిగితే "సిస్టమ్ తీసుకోలేదు" అన్నాడు. పేరు సంగతి అని తెలుసుకోవడానికి మాకు ఇంకో రెండు తిప్పలు పట్టినయి.

2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీ. అక్కకు టికెట్ లేదు. కానీ రక్తం పోతున్న మనిషి ఒక్కతే పోతదా? తోడుపోయిన కొడుక్కు టికెట్టు, ఇద్దరికీ తిండి, ఇద్దరి కూలి పాయె. అదీ మిర్చి ఏరే కాలం, నాలుగు రాళ్లు దొరికే కాలం. ఉచిత వైద్యం అని బోర్డు మీద రాసినవాళ్లు ఈ లెక్క ఎన్నడూ కట్టలేదు.

ఇక మాట సంగతికి వస్తా. కాగితం కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది అది.

రిపోర్టులన్నీ వచ్చినంక డాక్టరు గదిలోకి పోయినం. నేను ఇస్త్రీ చొక్కా వేసుకున్న. ఆయన నా చొక్కాను చూసి నాతోనే మాట్లాడిండు, ఇంగ్లీషులో. "పేషెంటును కాసేపు బయట కూర్చోబెట్టండి" అన్నాడు. అక్క లేచి బయటికి పోయింది. ఆ తర్వాత నాతో ఏమన్నదో వినండి: "బర్రెను పశువుల డాక్టరుకు చూపిస్తే గూడా ముందల నిలబెట్టుకొనే మాట్లాడుతరు గద తమ్మీ. నన్నెందుకు బయటికి తోలిండు?"

మూడో స్టేజి అన్నారని చెప్పిన. మన దిక్కు స్టేజి అంటే ఏంది? రోడ్డు మీద బస్సు ఆగే చోటు. "మూడో స్టేజంటే ఇంకెన్ని స్టేజీలున్నయి? ఊరొచ్చినట్టా, పోయినట్టా?" అని అడిగింది. నవ్వులాట కాదు, నిజంగనే అడిగింది. నాలుగు స్టేజీలుంటయి, మూడో దాంట్లో కూడా నయం చేసేందుకే మందు ఇస్తారు, నాలుగో దాంట్లో కష్టం. ఈ రెండు ముక్కలు తెలుగులో చెప్పడానికి ఎంతసేపు పడతది? నిమిషం. ఆ నిమిషం ఎవరి దగ్గరా లేదు.

తర్వాత "కరెంటు పెడతం" అన్నారు. రేడియేషన్‌ను మన దవాఖానల్లో అందరూ కరెంటనే అంటారు, డాక్టర్లతో సహా. అదేదో కనపడని కిరణం, ఫోటో తీసినట్టే ఉంటది, షాక్ కొట్టదు అని చెప్పాలె గదా. చెప్పలేదు. మోటరు దగ్గర కరెంటు షాకుతో మనిషి పోవడం మా అక్క కండ్లతో చూసింది. కరెంటు పెడతరంటే ఆ రాత్రంతా నిద్రపోలేదు. తెల్లారి "నేను రాను, ఇంటికాడనే చస్త" అన్నది. అట్ల భయపడి మధ్యలో ఊరికొచ్చి చనిపోయిన ఆడవాళ్లు మన మండలంలోనే ఉన్నారు. వాళ్ల గురించి దవాఖాన పుస్తకంలో ఏమని రాసుంటది? "రోగి చికిత్సకు రాలేదు" అని. తప్పు రోగి మీదికే పోయింది, చూసిన్రా?

ఒంటి మీద రంగుతో గీతలు గీసిన్రు. ఆ గీతల మధ్యనే కిరణం పడాలె. సబ్బుతో రుద్దొద్దని ఆమెకు ఎవరూ చెప్పలేదు. మురికిగా కనపడితే డాక్టర్లు అసహ్యపడతరని, మన ఆడవాళ్లకుండే ఆ భయం మీకు తెలుసు, శుభ్రంగా తోముకొని పోయింది. గీతలు చెరిగిపోయినయి. "చదువు సంధ్య లేనోళ్లతోని ఇదే బాధ" అని అందరి ముందు అరిచిండు టెక్నీషియన్.

చదువు రానివాళ్లకు పాఠం చెప్పడమే నా ఉద్యోగం. ఒకటో తరగతి పిల్లవానికి కూడిక రాకపోతే "వీనికి చదువు రాదు" అని రాసి ఇంటికి పంపితే ఎమ్మీవో నన్ను ఊరుకుంటాడా? అర్థమయ్యేటట్టు చెప్పడం చెప్పేవాని పని. ఇది డాక్టరుకు వర్తించదా?

ఇది చిన్న సంగతి కాదు. ఈ జబ్బుకు ఐదు వారాల పాటు వారానికి ఐదు రోజులు, దాదాపు 25 సార్లు బయటినుంచి కరెంటు పెడతారు. వారానికొకసారి సెలైన్ మందు ఎక్కిస్తారు. తర్వాత లోపల పెట్టే కరెంటు ఉంటది. ఇదంతా ఎనిమిది వారాల్లోపల అయిపోవాలె. మధ్యలో తెంపితే, పొడిగిస్తే గుణం తగ్గుతది. ఇది తెలిసుంటే ఎవరూ పండగకని, పంటకోతకని మధ్యలో ఊరికి రారు. తెలియనిచ్చిందెవరు?

ఇక్కడ ఒక మాట. ఇదంతా విని సర్కారు దవాఖాన మూసేస్తే పీడా పోతదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. ప్రైవేటు దవాఖానలో చిరునవ్వుతో మాట్లాడి ఎకరం పొలం రాయించుకుంటారు. సర్కారు దవాఖానలో వందమందికి ఒక్క డాక్టరు కూర్చుంటే ఆయనకు నిమిషం దొరకదన్నది నిజమే. అక్కడ నర్సమ్మల్లో మన బిడ్డలున్నారు. ఊడ్చేవాళ్లు, స్ట్రెచర్ తోసేవాళ్లు ముప్పాతిక వంతు మన వాడలోళ్లే. మా అక్కకు ఏ గదికి పోవాలో చేయి పట్టుకొని చూపించింది ఊడ్చే ఆమే, డాక్టరు కాదు. కాబట్టి మన కొట్లాట ఆ దవాఖాన మీద కాదు, ఆ దవాఖాన మనది కావడం కోసం.

అయినా తీరిక లేకనే మాట్లాడరంటే నమ్మను. ఇస్త్రీ చొక్కాకు తీరిక ఎక్కడినుంచి వచ్చింది మరి?

బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అని చిన్న పుస్తకం రాసిండు. అందులో ఒక ఉపాధ్యాయుని సంగతి ఉంటది. కథియవాడ్‌లో అంటరానివాళ్ల బడిలో పంతులు. 1929 డిసెంబర్ 12 నాటి 'యంగ్ ఇండియా' పత్రికలో ఆయన ఉత్తరం అచ్చయింది. బాలింత భార్యకు జబ్బు చేస్తే డాక్టరు వాడలోకి రానన్నాడు. ఊరి పెద్దలను బతిమాలి, రెండు రూపాయల ఫీజుకు జామీను ఇప్పిస్తే, వాడ బయటికి తెస్తే చూస్తనన్నాడు. చంటిబిడ్డతో సహా ఆమెను బయటికి మోసుకుపోయిండు. డాక్టరు థర్మామీటర్ ఒక ముస్లింకు ఇచ్చిండు, ఆయన పంతులుకు, పంతులు భార్యకు. మళ్లీ అదే దారిలో వెనక్కి. దీపం వెలుతుర్లో చూసి నిమోనియా అన్నాడు, మందు పంపిండు. మళ్లీ వచ్చి చూడమంటే చూడలేదు. ఆమె చనిపోయింది.

ఇయ్యాల థర్మామీటర్ చేతులు మారదు. మాట చేతులు మారుతుంది. డాక్టరు చెప్పేది నాకు, నేను ఇంగ్లీషు దించి అక్కకు, అక్క అడిగేది మళ్లీ నా నోట డాక్టరుకు. ఇస్త్రీ చొక్కా తమ్ముడు లేని అక్కల సంగతేంది?

మన జిల్లా సంగతి ఇంకొకటి. సంఘాల్లో కొత్తగా వచ్చిన పిల్లలకు తెలియకపోవచ్చు. ఇదే జబ్బు రాకుండా టీకా అని 2009లో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో దాదాపు 14,000 మంది ఆడపిల్లలకు వేసిన్రు. పది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలు. చాలామంది ఆదివాసీ, దళిత పిల్లలు, హాస్టళ్లలో ఉండేవాళ్లు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్ కలిసి చేసిన పని. 2010 ఏప్రిల్లో ఆపేసిన్రు. తర్వాత పార్లమెంటు స్థాయీ సంఘం 2013 ఆగస్టులో నివేదిక ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్లు పెట్టిన సంతకాలు. తల్లిదండ్రి సంతకం కాదు, వార్డెన్ సంతకం. ఆ రోజుల్లో కొందరు పిల్లలు చనిపోయిన్రు. ప్రభుత్వం వేసిన కమిటీ ఆ మరణాలకూ టీకాకూ సంబంధం కనపడలేదంది. నేను టీకాను కాదనడం లేదు. ఆ టీకా ఈ జబ్బును ఆపగలదని ఇవాళ ప్రపంచమంతా ఒప్పుకున్నది, మా అక్కకు చిన్నప్పుడు దొరికి ఉంటే బాగుండేది. నేనడిగేది ఒకటే: కోయపిల్ల తల్లిని, మాదిగపిల్ల తండ్రిని కూర్చోబెట్టి "ఇది ఇందుకు వేస్తున్నం, మీకిష్టమేనా" అని అడిగితే వాళ్లు కాదంటారా? అడగాల్సిన మనుషులని లెక్కలోకి తీసుకోలేదు, అంతే. సంతకం పెట్టడానికి వార్డెన్ దొరికిండు గదా.

ఇప్పుడు మన చేతిలో ఏమున్నదో చూద్దాం. బెంగాల్లో హకీం షేక్ అనే వ్యవసాయ కూలీ 1992లో రైల్లోంచి పడి తలకు దెబ్బ తగిలితే, సర్కారు దవాఖానలు ఒకదాని తర్వాత ఒకటి మంచం లేదని తిప్పి పంపినయి. చివరికి ప్రైవేటులో 17 వేలు పెట్టి బతికిండు. ఆయన ఊరికే ఇంట్లో కూర్చోలేదు. ఆయన కూలి సంఘం, పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి, సుప్రీంకోర్టుకు పోయింది. 1996లో తీర్పొచ్చింది: సమయానికి వైద్యం చేయకపోతే అది రాజ్యాంగం 21వ అధికరణంలోని బతికే హక్కును కాలరాసినట్టేనని. 25 వేలు పరిహారం ఇప్పించింది. చేసింది కూలి సంఘం, గుర్తుపెట్టుకోండి.

రోగి అడిగితే 72 గంటల్లోపల వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నియమావళిలోనే ఉన్నది. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రోగుల హక్కుల పత్రం తయారుచేస్తే, 2019లో కేంద్ర ఆరోగ్య శాఖ దాన్ని రాష్ట్రాలకు పంపింది. జబ్బేంది, మందేంది, ఖర్చెంత అని రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలని దాంట్లో ఉన్నది. ఏ దవాఖాన గోడ మీదనన్నా తెలుగులో అతికించింది మీరు చూసిన్రా? నేను పోయిన చోట్ల నాకు కనపడలేదు. 2005 సమాచార హక్కు చట్టంలో, మనిషి ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 30 రోజులు కాదు, 48 గంటల్లో ఇవ్వాలని ఏడో సెక్షన్ చెప్తది. మా అక్క అప్రూవల్ రెండోసారి ఆగినప్పుడు ఆ సెక్షన్ పేరు రాసి తెల్లకాగితం ఇచ్చిన. జవాబు రాలేదు, కానీ మూడో రోజు అప్రూవల్ వచ్చింది. కాగితానికి కాగితమే మందు అని అప్పుడు తెలిసింది.

కార్యకర్తలు రాసుకోండి. మన వాడలో ఎవరికన్నా ఈ జబ్బని తెలిస్తే సంఘం నుంచి చదువొచ్చిన ఒక మనిషి తోడుపోవాలె. పోయినోడు డాక్టరుతో తాను మాట్లాడి రావడం కాదు, రోగిని పక్కన కూర్చోబెట్టుకొని "ఆమెకు చెప్పండి సార్, నేను వింట" అనాలె. మొదటి దవాఖాన వదిలేముందే స్లైడ్లు, బ్లాకులు, రిపోర్టు నకలు అడిగి తీసుకోవాలె. ప్రతి కాగితం జిరాక్స్ తీసి, వెనక తారీఖు, ఎవరిచ్చిన్రు, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు, ఎందుకు రమ్మన్నారు తెలుగులో రాసి రోగి చేతికే ఇవ్వాలె. ఫైలు ఆమెది. కొడుకు బీరువాలో దాచడం కాదు. మన ఇండ్లల్లో కూడా మగవాళ్లు "ఆమెకు చెప్పొద్దు, బెంగపెట్టుకుంటది" అంటారు. ఒళ్లు ఆమెది, నొప్పి ఆమెది, సంగతి మాత్రం మనదా? మా అక్కకు అన్నీ చెప్పిన. ఒక పూట ఏడ్చింది. మరునాడు తనే గీతలు చెరగకుండా గుడ్డ కట్టుకొని పోయింది. 25 సార్లలో ఒక్కటి తప్పలేదు. దవాఖాన బయట ఫుట్‌పాత్ మీద ఐదు రూపాయల భోజనం తిని, పక్కన కూర్చున్న నల్లగొండ, మహబూబ్‌నగర్ ఆడవాళ్లకు "కరెంటంటే షాకు కాదమ్మా, ఫోటో తీసినట్టే" అని తనే చెప్పేది. ఇప్పుడు మూడు నెలలకొకసారి చూపించుకొని వస్తున్నది. పోయినసారి డాక్టరు గదిలో కుర్చీలోంచి లేవకుండా కూర్చొని, "నాకే చెప్పుండ్రి" అన్నదట.

ఆడవాళ్లకు ఒక మాట. ముట్లు ఆగినంక రక్తం కనపడితే, భర్తతో కలిసినంక కనపడితే, దుర్వాసనతో తెల్లబట్ట ఆగకపోతే ఆరెంపీ సూదులతో నెలలు గడపొద్దు. ముప్పై దాటినోళ్లకు గర్భసంచి మూతి పరీక్ష సర్కారు దవాఖానలో ఉచితం. సిగ్గుపడాల్సింది ఏం లేదు. ఆశ అక్కను అడగండి, నలుగురు కలిసి పోండి.

వచ్చే ఆదివారం పొద్దున తొమ్మిదింటికి కమ్యూనిటీ హాల్లో నేను, డిగ్రీ చదివే ఇద్దరు పిల్లలు కూర్చుంటం. జబ్బు వచ్చినంక కాదు, ఇప్పుడే, ఇంట్లో అందరి ఆధార్లు, రేషన్ కార్డులు పట్టుకొని రండి. పేర్లు పక్కపక్కన పెట్టి చూసి, తేడా ఉన్నోళ్లకు దరఖాస్తులు అక్కడే నింపి ఇస్తం. మీసేవ ఖర్చు సంఘం పెట్టుకుంటది. ముసలోళ్లను కూడా తోలుకరండి. పెన్నులు మా దగ్గరున్నయి, జిరాక్సులు మాత్రం మీరే తెచ్చుకోండి.

జై భీమ్.